గుల్లసున్నం

మేక ఇంకా వెచ్చగానే ఉంది.
పాక దూలానికి వెనక కాళ్ళతో వేలాడుతోంది.
"కత్తి కింద పెట్టు" అంది మా అత్త రాహేలమ్మ,
"కత్తికి తొందరెక్కువ. పిడికిలి దింపు."

మడమ దగ్గర చిన్న గాటు.
అందులో బొప్పాయి కాడ గుచ్చి ఊదింది,
దగ్గుతో సగం అరిగిపోయిన ఊపిరి.
తోలు మాంసాన్ని వదిలి ఉబ్బింది,
ఉతికిన దిండు గలీబులో గాలి దూరినట్టు.

కణుపుల దాకా చెయ్యి దింపాను.
తడి. వేడి. పల్చటి పొర.
విడిపోయేటప్పుడు చిన్న చప్పుడు,
ఈనె నుంచి అరిటాకు చీలే చప్పుడు.
నేను మెట్టూరిదాన్ని,
పొగాకు బ్యారన్ల దగ్గర పెరిగినదాన్ని,
నాకు ఆకు వాసన తెలుసు,
తోలు వాసన పెళ్ళయ్యాకే.
మా ఆయన ఆటో వేసుకుని రాజోలు పోయాడు.
తోలు పని రోజున
అతనికెప్పుడూ దూరం కిరాయే దొరుకుతుంది.

కిందటేడు నా మొదటి తోలు
నడుం దగ్గర వేలెడంత చిరిగింది.
అత్త పల్లెత్తు మాటనలేదు.
దాన్ని వారులుగా కోసి గూట్లో పెట్టింది,
రోజూ నాకు కనబడేలా.

ఉప్పు పట్టించి ఒక రాత్రి.
తర్వాత బానలో సున్నం,
గుల్లలు కాల్చి నీళ్ళు పోస్తే
బుసకొట్టి లేచిన తెల్లటి సున్నం.
ఐదు రోజులు.
వేలితో లాగితే వెంట్రుక ఊడి రావాలి.
"ఆరో రోజుంచావా, అంబలైపోద్ది."

ఐదో రోజు కాలవ కట్టేశారు.
ఏటా వచ్చేదే, ఊరందరికీ తెలిసిందే,
లాకుల దగ్గర తలుపులు దించుతారని.
మేం మాత్రం మర్చిపోయాం.
రేవు మెట్ల కింద బురద,
కొట్టుకుంటున్న రెండు జెల్లలు, ఎవరిదో ఎడమ చెప్పు.
రొయ్యల చెరువు నీళ్ళలో మందు.
పేటకంతా ఒక్క బోరింగు,
పగలంతా దానికి బిందెల వరస.

రాత్రి పదకొండు దాటాక వెళ్ళాం.
నేను కొట్టాను, ఆవిడ తొక్కింది.
ముప్పై బిందెల దాకా లెక్కెట్టి వదిలేశాను.
ఎస్తేరు కిటికీ తీసి "ఎవరే?" అంది,
వాసన తగిలి మూసేసింది.
గీసిన తోలు వీధి దీపానికి ఎత్తి పట్టుకుంటే
అవతల అత్త ముఖం,
మసగ్గా, నా వైపే చూస్తూ.
ఏ గాటూ లేదు. రెండుసార్లు వెతికింది.

వేప చట్రానికి చింతగింజల జిగురు రాసి
తడి తోలు సాగదీసి కట్టాం.
"గుంజకే. దాన్నే రానివ్వు."
తుఫాను షెల్టరు గోడ నీడన నిలబెట్టాం.
కాకుల్ని తోలడం మూడేళ్ళ మా కెజియా ఉద్యోగం,
అది కాకులతోనే కబుర్లాడింది.

నాలుగో నాటి సాయంత్రం
కొబ్బరి మట్టల సెగ చూపించి
అత్త చిటికెన వేలితో ఒక్క దెబ్బ వేసింది.
గుంజకి కట్టేసిన మేకలు తల ఎత్తాయి.
తర్వాత మళ్ళీ మేశాయి.

యానాం వాళ్ళు రెండువేల ఎనిమిదొందలిచ్చారు,
ఫైబరుదైతే ఇందులో సగమేనని గొణుగుతూ.

ఒకటో తారీఖున బియ్యం కొట్టు.
మిషను మీద బొటనవేలు పెట్టాను.
"తుడుచుకో" అన్నాడు డీలరు.
తుడుచుకుని పెట్టాను. చూపుడు వేలు. ఎడమ చెయ్యి.
పదివేళ్ళూ అయ్యాయి,
నేనెవరో దానికి తెలియలేదు.
వెలుతురుకి చెయ్యి పెట్టి చూసుకున్నాను,
వేలి కొసల్లో గీతల్లేవు,
నున్నగా, గీసి ఆరబెట్టినట్టు.

వెనక వరసలోంచి అత్త నవ్వింది,
దగ్గు మధ్యలో నవ్వు.
"కన్నెట్టవే.
నా వేళ్ళు పడక ఎనిమిదేళ్ళు."

వంగి ఆ చిన్న గాజుబిళ్ళలోకి చూశాను.
గోళ్ళలో ఇంకా సున్నం వాసన.
రెప్ప వెయ్యొద్దన్నాడు.
వెయ్యలేదు.
ఇరవై కేజీలు. పంచదార రాలేదట.