మునగడానికి కట్టే పడవ

కోరంగిలో ఒకప్పుడు పడవంటే
టేకు పొట్టు, గుగ్గిలం మరిగే డేగిసా,
పలకల సందుల్లో ఉలితో పత్తి కూరే
మా లోవరాజు మావయ్య మోకాళ్ళు.
ఇప్పుడు నేను కట్టేదానికి వాసన లేదు.
కాలిన ఇనుము కంపు ఉంది గానీ
అది నా జాకెట్టుది.

ఏటిగట్టు దాటాక, మడ నరికిన చోట
కిటికీల్లేని షెడ్డు.
లోపల ఉక్కు కంకణం నిలబడి ఉంటుంది
మూడంతస్తుల మేడంత.
గోరు మందం వంకరున్నా ఒప్పుకోరు.
ముందు దాన్ని వేడి చేస్తాం.
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు
రంగు సుద్దముక్కతో గీసి చూస్తాం,
గీత కరిగితే
అప్పుడు మొదలు.

"మునిగేదాన్ని పడవంటారేటే?"
జన్మంతా మునక్కుండా చూసినవాడు మావయ్య.
"మడచెట్టైనా పాటు తీసినప్పుడు
బురదలోంచి వేళ్ళెత్తి గాలి పీల్చుకుంటది.
ఇది మూణ్ణెల్లు పీల్చదంట.
దీని కడుపులో పొయ్యి
ఊక పొయ్యిలా ఎగదొయ్యక్కర్లేదంట,
పాతికేళ్ళు ఆరదంట."
ఇవి నేను చెప్పినవి కావు. నేను సంతకం పెట్టినదాన్ని.
పేపరు చదివి ఆయనే నాకు చెప్పాడు.
పులుసులో ముల్లు ఏరుకుంటూ ఊఁ కొట్టాను.

మొన్న మంగళవారం గ్రేసమ్మ ఫిల్ము తెచ్చి
దీపప్పెట్టె మీద పరిచింది.
నా కుట్టులో, బాగా లోతున,
నువ్వుగింజంత చీకటి.
కాస్త గాలి చిక్కుకుపోయింది.
ఆ క్షణాన నేనేం ఆలోచిస్తున్నానో,
రొయ్యల చెరువు లీజు డబ్బులో, పంటి నొప్పో.

మావయ్య కొత్త పడవలోకి నీళ్ళు పోసి
బయట ఎక్కడ చెమర్చిందో తడిమేవాడు.
దొరికితే తిట్టేవాడు,
ముందు చెక్కని, తర్వాత పత్తిని, చివరికి తనని.
నేనెవర్నీ తిట్టలేదు.
జానెడు మేర చెక్కేశాను.
మళ్ళీ వేడి, మళ్ళీ సుద్దముక్క.
ముసుగు దించితే లోకమంతా
అద్దంలో ఇంత ఆకుపచ్చ వెలుతురు.
తెల్లారి బయటికొస్తే ఏటికి పోటు తగిలి
నీళ్ళు వెనక్కి, యానాం వైపు నడుస్తున్నాయి.

ముక్కు భాగం వేరే షెడ్డులో.
అందులో గొట్టాలుంటాయి.
ఎవరి మీదికో నాకు తెలీదు.
తెలీదనడం తేలికే,
మధ్యాన్నం క్యారేజీ విప్పినప్పుడు మాత్రం ఒక్కోసారి
ముద్ద దిగదు.

"ఎంతమంది ఉంటారే లోపల?"
నేను చారు పోసుకున్నాను.
"పేర్లడిగానా? అన్నం వండేవోడొకడు ఉంటాడు కదా?"
ఉంటాడు.
అంతవరకూ చెప్పొచ్చనుకుంటాను.

ఎక్కడివాడో, ఇంకా బళ్ళో చదువుతున్నాడేమో.
రాత్రి గిన్నెలు తోమి, ఇరుకు మంచమెక్కి
గోడకి వీపు ఆనిస్తాడు.
ఆ గోడలో జానెడు నాది.
అవతల సముద్రం.

మావయ్య కంచంలో చెయ్యి కడుక్కుని
మోకాళ్ళ నూనె సీసా ఎక్కడుందని అడిగాడు.