అక్షరానికి ఇంత

ప్యారిస్ కార్నర్ దాటి, ఈవినింగ్ బజారు పక్క సందులో
గొడుగుల కొట్టుకీ తాళాల కొట్టుకీ మధ్య
మనిషి పక్కకి తిరిగితేనే పట్టే కొట్టు మాది.
షీల్డులు, కప్పులు, గుమ్మాల మీది పేర్లు.
అక్షరానికి ఆరు రూపాయలు.
చుక్కకి డబ్బు తీసుకోం, అది నాన్న పెట్టిన నియమం.

ఆగస్టు ఆఖర్లో యూనివర్సిటీ నుంచి జాబితా వస్తుంది.
ఆ ఏటి ఉత్తమ అధ్యాపకులు, పదకొండు మంది.
వాళ్లు ఏం చెప్తారో, పిల్లలు ఎలా వింటారో నాకు తెలీదు.
నాకు తెలిసింది పేరు పొడుగు.
కొన్ని పేర్లు టీ చల్లారేలోపు అయిపోతాయి.

ఆ ఏడు ఆరో పేరు మంగైయర్కరసి.
వృక్షశాస్త్రం. ఇంగ్లీషులో పదిహేను అక్షరాలు.
రేకు మీద పట్టక, సైజు తగ్గించి, మళ్లీ గీతలు గీసి,
నడిరాత్రి కరెంటు పోతే
సెల్‌ఫోను వెలుగు పళ్ల మధ్య పట్టుకుని పూర్తిచేశాను.
చివరి ఐ మీద ఊదితే ఇత్తడి పొడి ముక్కులోకి పోయింది.
తెల్లారి ఫోను:
"ఆరో నంబరు మారిందమ్మా. కొత్త పేరు వాట్సాప్‌లో పెట్టాను."
ఎందుకని అడగలేదు. చెక్కేవాళ్లని ఎవరూ అడగనివ్వరు.
కొత్త పేరు పొట్టిది.
వాళ్లకి అరవై రూపాయలు మిగిలాయి.

పాత ఇత్తడి కొనేవాడు వచ్చినప్పుడల్లా
ఆ సొరుగుని మోకాలితో మూసేదాన్ని.
నాలుగు ఆగస్టులు, జాబితా రాగానే
పైనుంచి కిందికి వేలు పెట్టి ఆ పేరు వెతికాను
పేపర్లో పరీక్ష నంబరు వెతుక్కున్నట్టు.
(నేను బీయస్సీ రెండో ఏట ఆపేశాను. ఆ సంగతి ఇక్కడక్కర్లేదు.)

మొన్న జనవరిలో ఒకావిడ వచ్చింది.
చెప్పులకి ఎర్రమన్ను. సంచిలోంచి
పాత దినపత్రికలు తలలు బయటపెట్టి చూస్తున్నాయి.
"మా ల్యాబ్ అటెండరు రిటైరవుతున్నాడు.
ముప్పై రెండేళ్లు ఆకుల కింద తడికాగితం తీసి
పొడికాగితం పెట్టాడు. సెలవు రోజుల్లో కూడా.
ఒక్క ఆకు బూజు పట్టలేదు.
వాళ్లకి ఏటా ఇచ్చేవేవీ లేవు కదా, నేనే ఇద్దామని.
తమిళంలో చెక్కండి. ఆయనే చదువుకోవాలి."
పేరు దేవసహాయం.
"బిల్లు ఎవరి పేరున?"
చెప్పింది.
చెవికంటే ముందు నా మణికట్టు గుర్తుపట్టింది.

నోటిదాకా వచ్చింది. సొరుగు మీద చెయ్యి కూడా పడింది.
మీదొకటి ఇక్కడ ఉండిపోయింది అంటే
ఆ మొహం ఏమయ్యేదో.
నవ్వేసేదేమో. తెలిసే ఉందేమో.
"శుక్రవారం రండి" అన్నాను.

ఆ రాత్రి రేకు తిరగేశాను.
వెనక వైపు నున్నగా ఉంది, ఇంకా ఎవరి పేరూ ఎరగకుండా.
తమిళం ఒంపుల లిపి, ఉలి కంటే ముందు భుజం తిరగాలి.
అదిమిన కొద్దీ కింద ఆ పదిహేను అక్షరాలు
బల్ల మీది గుడ్డని కరిచి పట్టుకున్నాయి.
రేకు ఇసుమంత జారలేదు.
చివరి మకారం మీద చుక్క. దానికి డబ్బు లేదు.
చెక్కకి జిగురు రాసి, రేకు పెట్టి,
తెల్లారేదాకా ఇస్త్రీపెట్టె బరువు ఉంచాను.

ఆవిడ వచ్చి, అక్షరాల మీద వేలు నడిపి,
"కాస్త బరువుగా ఉందే" అంది.
"మంచి ఇత్తడండీ" అన్నాను.
పైకి కనిపించే అక్షరాలు లెక్కపెట్టి డబ్బిచ్చింది.
దినపత్రికల మధ్య పెట్టుకుని
బీచ్ స్టేషన్ వైపు జనంలోకి వెళ్లిపోయింది.

ఆగస్టులో మళ్లీ జాబితా వస్తుంది.
ఈసారి వేలు పెట్టి వెతకను.
వెతుకుతానేమో.