నలభై కౌంటు

తెల్లవారుజాము నాలుగున్నర నుంచి ఒంటిగంట దాకా
నా చేతులు ఐసులో ఉంటాయి.
ముప్పై కౌంటు ఒక ట్రేలోకి,
నలభై కౌంటు ఇంకో ట్రేలోకి,
మెత్తబడిన రొయ్య పక్కకి.
గ్లౌజులున్నా చలి గోళ్ళ కిందనుంచి దూరి
మోచేతి దాకా అద్దెకుంటుంది.

అందుకే మధ్యాహ్నం రెండింటికి,
భీమవరమంతా తలుపులేసుకుని పడుకునే వేళ,
ఏసుపాదం మాస్టారి రేకుల షెడ్డుకి పోతాను.
పొద్దునా సాయంత్రం మగాళ్ళవి.
ఎవరికీ అక్కర్లేని ఎండ మాకు మిగిలింది.
రెండు నుంచి నాలుగు, లేడీస్ బ్యాచి:
నేను, కుట్టుమిషను సుభాషిణి, కిళ్ళీకొట్టు పళ్ళాలమ్మ,
బుద్ధిపుట్టిన రోజున టీచరుగారు.

ఒకటే ఫ్యాను.
రైసుమిల్లు మూసేస్తే పాతినుము లెక్కన కొన్నారట.
పెళ్ళిపందిట్లో పెద్దాయనలా మెడ తిప్పుతూ
అందరినీ పలకరిస్తుంది,
ఎవరి దగ్గరా నిలబడదు.
అది నా వైపు తిరిగొచ్చేలోపు ఆరు గుంజీలు.
ఆ మూడు సెకన్ల కోసం
ఏడోది కూడా తీసేస్తాను.

గాలా అది?
గంజి వార్చేటప్పుడు మొహాన కొట్టే ఆవిరి.
చుట్టూ చెరువులే కదా,
పట్టిన చెమట ఎక్కడికీ పోదు,
ఒంటిమీదే కాపురం పెడుతుంది.
అయినా నాకిష్టం.
వీపు మీద మొదటి చుక్క జారినప్పుడు
చేతుల్లో ఐసు కరిగినట్టుంటుంది.

ఎదురుగా కొత్తది తెరిచారు వైశాఖంలో.
నిలువెత్తు అద్దాలు, నెలకి పద్దెనిమిది వందలు.
మాస్టారికి మూడొందలు, అదీ ఉన్నప్పుడే.
మూడ్రోజులు ఉచితమంటే ఒకసారి వెళ్ళాను.
పరిగెత్తాను. నాలుగు కిలోమీటర్లని చూపించింది.
గుండె దడదడలాడింది గానీ
చర్మానికి కబురందలేదు.
అదే చలి, మా ప్యాకింగు హాలు చలి.
జీతం లేని షిఫ్టు.
దిగి వచ్చేశాను.

రోహిణి కార్తెలో ఒకరోజు కరెంటు పోయింది.
ఫ్యాను మెడ అటు తిప్పుకునే ఆగిపోయింది.
ఎదురింటి అద్దాల్లో దీపాలు ఆరలేదు.
షెడ్డు వెనక చెరువుల్లో జనరేటర్లు అందుకున్నాయి,
ఏరేటర్లు మళ్ళీ నీళ్ళు చిలుకుతున్నాయి.
రొయ్యకి ఊపిరాగితే లక్షలు పోతాయి.
“ఇంక ఆపండమ్మా” అన్నారు మాస్టారు.
“ఇంకో పదేనండీ, ఆయ్” అంటూనే
పళ్ళాలమ్మ గోడవారకి జారింది.
ఒళ్ళు కాలిపోతోంది. చెమట లేదు.

చెరో రెక్కా పట్టుకుని రోడ్డు దాటించాం.
కౌంటర్లో కుర్రాడు ముందు మా చెప్పులు చూశాడు,
తర్వాత ఆవిడ మొహం చూశాడు,
లేచొచ్చి తలుపు తనే తీసి పట్టుకున్నాడు.
చల్లటి నేలమీద పడుకోబెట్టాం.
మెడకింద తడిగుడ్డ, చంకల్లో తడిగుడ్డ.
ఐసు పని తెలిసిన చేతులు కదా.
కాసేపటికి కళ్ళు తెరిచి
“ఎవరిల్లండీ ఇదీ” అంది.
ఆ చలిని మొదటిసారి తిట్టుకోలేదు నేను.

అద్దానికి బయటివైపు చెమట పట్టింది,
మొన్న నాకు పట్టాల్సిందంతా.
దాని వెనక మసగ్గా మాస్టారు,
భుజాన తువ్వాలు, చేతిలో మజ్జిగ చెంబు.
పిలిస్తే లోపలికి రారు.
అరచేత్తో ఇంత మేర తుడుచుకుని
పళ్ళాలమ్మ కాళ్ళు కదులుతున్నాయో లేదో చూశారు.
మళ్ళీ మసకేసింది. మళ్ళీ తుడిచారు.

మర్నాడు షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో
ఆయన గుండ్రటి రాత:
లేడీస్ బ్యాచి ఇకనుంచి ఉదయం ఐదున్నర.
మగాళ్ళని ఎలా ఒప్పించారో.
సుభాషిణి వెళ్తోంది.
పళ్ళాలమ్మకి కూడా గాలి హాయిగా ఉందట, కాలవ మీదనుంచి వస్తోందట.

ఐదున్నరకి నేను ఐసులో ఉంటాను.
ట్రే దగ్గర వంగి, లేచి,
ముప్పై కౌంటు, నలభై కౌంటు.
ఆరు లెక్కపెట్టేసరికి నాకు తెలీకుండానే
మొహం అటు తిప్పుతాను,
ఫ్యాను వచ్చే వైపు.