ఆరు పువ్వుల వెలుతురు

మొదట ఫ్లాష్ ఆపేస్తాను.
చేతిలో ఎంతుందో చూసుకున్నాకే కదా
ఎవరైనా అప్పుకి బయల్దేరేది.

వేములదీవి, సాయంత్రం ఐదూ నలభై.
రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు
ఎండని చిలికి చిలికి
పల్చటి మజ్జిగ చేసేశాయి.
అరుగు మీద పదకొండు మంది ఆడవాళ్లు.
చేతిపని కార్డుకి, పని చేస్తుండగా తీసిన ఫోటో కావాలట.
ఒళ్లో లేసు, వేళ్ల మధ్య కొక్కెం సూది,
మాటలు మాత్రం ఎక్కడో పక్కవీధిలో.

మీటరుకి ఒక జబ్బుంది.
తెల్లటి లేసు చూపిస్తే బూడిదంటుంది,
నల్లటి గేదెని చూపించినా బూడిదే అంటుంది.
దాని మాట విని ఒకసారి పాలకొల్లులో
పెళ్లికూతురి మధుపర్కాలు పొయ్యిలో ముంచి తీసినట్టు తీశాను.
వాళ్లు డబ్బులివ్వలేదు. సబబే.

అందుకని చెయ్యి అడుగుతాను.
"పేరంటాలమ్మ గారూ, అరచెయ్యి ఇలా పడమర వైపు పెట్టండి."
యాభై ఏళ్ల దారం ఒరుసుకుని
చూపుడువేలి మీద పిల్లకాలవంత గాడి.
ఆ చేతిని ఫ్రేము నిండా పట్టి చూశాను:
ఐ.ఎస్.ఓ. నాలుగు వందలు, సెకనులో అరవయ్యో వంతు, నాలుగు.
అరచెయ్యి కాస్త తెలుపు కనక
ఒక స్టాపు తెరిచి రెండు పాయింట్ ఎనిమిది.

"జాతకమా బాబూ?"
"కాదండి, వెలుతురెంతుందో చూస్తున్నా."
"అదా."
ఆకాశంలోకి కాదు, ఒళ్లోకి చూసుకుంది.
"ఇంకా ఆరు పువ్వుల ఎలుతురుంది.
ఏడోది తడుముకుంటా కుట్టాలి."

లేసుకి ఫ్లాష్ పడదు.
తిన్నగా కొడితే కంతలు పూడిపోతాయి.
కంతలే కదా లేసంటే,
దారం వాటికి గట్టు.
ఫ్లాష్‌కి జేబురుమాలు చుట్టి
ఉన్నదానికి ఒకటిన్నర స్టాపు కిందకి దించాను.
చుట్టమొచ్చాడని
ఇంటాయన్ని వీధిలో పడుకోబెట్టకూడదు.

నాలుగో ఆవిడకి ముప్పయ్యో వంతు.
ఏడో ఆవిడకి పదిహేనో వంతు, ఊపిరి బిగబట్టమన్నాను.
ఆవిడకి దగ్గొచ్చింది, మిగతావాళ్లకి నవ్వొచ్చింది.

ఆఖరున పేరంటాలమ్మ.
శుక్లాలు తీసి నెల కాలేదు.
"ఆ మెరుపు కొట్టకు బాబూ."
ఫ్లాష్ సంచిలో పెట్టేశాను.
మీటరు గీత అడుక్కి దిగి మిణుకుతోంది.
ఆవిడ ఆరో పువ్వుకి ముడేసి
దారం పంటితో కొరికి
సూది కొప్పులో దోపుకుంది.

కెమెరాని పిట్టగోడ మీద ఆనించి
ఒక సెకను తెరిచి ఉంచాను.
ఆవిడ కదల్లేదు.
చేతులు మాత్రం పనిలేక
ఒకదాన్నొకటి తడుముకున్నాయి.

కార్డుకి పనికిరాలేదది.
మొహం ఉంది, చేతులున్నచోట తెల్లటి పొగ.
మర్నాడు పొద్దున్నే వెళ్లి ఇంకోటి తీసిచ్చాను.
దీన్ని మాత్రం ఉంచుకున్నాను.
వెనకాల పెన్సిల్‌తో రాసుకున్నాను:
నాలుగు వందలు, రెండు పాయింట్ ఎనిమిది, ఒక సెకను.
పువ్వులు, సున్నా.