గాయపాకు

తిరుపతిలో, హెర్బేరియం గదిలో
ఎండిన మొక్కల్ని అట్టలకు కుట్టడం నా పని.

ఈరోజు గడ్డి చామంతి.
భాకరాపేట కనుమలో బండి ఆపి పెరికింది.
తెల్లటి రేకకు మూడు పళ్లు.
నడుమ పసుపు బొట్టు.
లెన్సు పెడితే బొట్టు కాదది,
చుక్క చుక్కా ఒక పువ్వు,
పీలేరు సంతంత కిటకిట.

చీటీలో కుటుంబం రాశాను, తేదీ రాశాను.
'ఉపయోగాలు' దగ్గరికొచ్చేసరికి
దారం కోస్తున్న బ్లేడు జారింది.

సైకిల్ స్టాండు పగుల్లో
అదే మొక్క, పచ్చిగా.
నలిపి పసరు పిండాను. చుర్రుమంది.
గడ్డి కోస్తూ కొడవలి తగిలితే
మా మునిలచ్చుమత్త నమిలి అదిమేది ఈ ఆకే.
పేరడిగితే
"గాయపాకు. ఇంకేం పేరుండాల?"

నెత్తురు నిలిచింది.
గదిలోకొచ్చి చూస్తే
ఉపయోగాల గడిలో
ఎర్రగా ఒక చుక్క.

తుడవలేదు.
సారు చూస్తే తిడతాడు.