ఉమ్మడిగానూ, విడివిడిగానూ

సజా రోడ్డు మీద, పొద్దున ఐదున్నరకు
నేను కిస్తీ కడుతున్న బండి
నాకే హారన్ కొట్టి పోయింది.

తెలుపు మీద నీలం రంగేసిన్రు.
ఎడమ డోరు సొట్ట మాత్రం అట్లనే ఉంది.
అవీర్ మార్కెట్ల ఉల్లిగడ్డల లారీ రివర్స్ వచ్చి గుద్దిన నాడు
పోశెట్టి దాన్ని అరచేత్తో నిమిరి
"పిల్లకు దెబ్బ తాకిందిరా" అన్నడు.
ఎవరో కొత్త డ్రైవరు.
కిటికీల నుంచి చెయ్యి బయట పెట్టిండు,
అంటే ఏసీ ఇంకా పని చేస్తలేదు.

బ్యాంకు బల్ల మీద ఇద్దరం సంతకం పెట్టినం,
వాడు అరబ్బీ కింద, నేను ఇంగ్లీషు కింద.
రెండూ చదవరానోళ్లం.
ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులని
గుమస్తా హిందీల చెప్తే
పోశెట్టి నవ్విండు: మన రూము సంగతే గదరా,
అన్నం ఉమ్మడి, పక్కలు విడివిడి.

పద్నాలుగు కిస్తీలు కట్టినం.
పదిహేనోదానికి కంపెనీ బిల్లులు రాలేదు,
పదహారోదానికి కంపెనీయే లేదు.
ఒక రాత్రి బండి గుంజుకపోయిన్రు.
సీటు కింద మా చెల్లె పంపిన
చింతకాయ తొక్కు సీసా కూడ పోయింది.

లెక్క ఇట్ల.
ఇయ్యాల్సింది అరవై ఒక్క వేలు.
వేలంల పలికింది ఇరవై తొమ్మిదిన్నర.
గుంజిన క్రేనుకు, నిలబెట్టిన జాగకు రెండువేల మూడు వందలు,
ఎత్తుకపోయిన కూలి కూడ మా మీదనే.
మిగిలింది ముప్పై మూడువేల ఎనిమిది వందలు.
మిగిలింది అంటున్న, చూడు.
తక్కువ పడ్డదాన్ని మిగిలిందనుడు
బ్యాంకోళ్ల దగ్గర నేర్చుకున్న.

పోశెట్టి కోర్టుకు పోయిండు.
కార్డులు, ఆసుపత్రి, చీటీ, ఈ బండి, అన్నీ కలిపి
దివాలా అని రాసిచ్చిండు.
మా దిక్కు ఆ మాట తిట్టు.
మా తాత ఒక్కసారే అన్నడు ఎవర్నో,
ఆ ఇంటికి మళ్ల ఎవ్వరూ బదులు పుట్టనియ్యలేదు.
ఇక్కడ దానికి ఫైలు నంబరుంది,
కుర్చీల వరుసుంది, చల్లటి నీళ్ల మిషనుంది.

జడ్జి వాడి పేరు మీది బాకీ కొట్టేసిండు.
వాడి పేరు మీదిది మాత్రమే.
వాడు ఉమ్మడిల నుంచి దిగిపోయిండు,
నేను విడివిడిల మిగిలిన.
మర్నాడే ఫోను: సార్, ఇగ మీరొక్కరే.

కోపమొచ్చింది, అబద్ధమెందుకు.
మూడు రోజులు వాడు వండిన పప్పు ముట్టలే.
నాలుగోనాడు ఆకలైంది.

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం
నా చెప్పుల కింద యాభై దిర్హాముల నోటుంటది.
నేనడగ, వాడు చెప్పడు.
ఒక్కోసారి ఇరవయ్యే.
ఒక వారం ఏమీ లేదు,
చెప్పులు మాత్రం తుడిచి ఉన్నయి.

ఇయ్యాల బండి కనబడ్డదని చెప్పాలె వాడికి.
సొట్ట అట్లనే ఉందని.
ఏసీ మాట ఎత్తను.
రిపేరని తీసుకున్న నాలుగు వందలు
వాడే వాడుకున్నడని అప్పట్ల నాకు అనుమానం.