యథాతథ స్థితి

జిల్లా కోర్టు గేటు పక్కన
నీలం టార్పాలిన్ కింద నా టైపు మిషను.
'ర' అక్షరం సగమే పడుతుంది.
రాజ్యాంగం అని కొట్టిన ప్రతిసారీ
పెన్నుతో దిద్దుకోవాలి.

తెడ్డు పరసమ్మ, యాభై రెండేళ్లు,
పెద జాలరిపేట, చేపల అమ్మకం.
నోటీసు లేదు. తెల్లారకముందే లారీ వచ్చింది.
కత్తిపీట, రెండు గంపలు, ఐసుపెట్టె,
అందులో పద్దెనిమిది కిలోల కానాగంతలు.
కార్డు లేదన్నారట.
ఎందుకు లేదంటే, వేలిముద్ర మిషను మీద పడలేదు.
ముప్పై ఏళ్లు పొలుసు గీకిన వేలికి
గీతలెక్కడ మిగుల్తాయి?

పద్నాలుగు, పందొమ్మిది, ఇరవై ఒకటి...
లాయరుగారు చెబుతుంటే కొడుతున్నాను.
జీవించే హక్కులో జీవనోపాధి కూడా...
"ఐసుపెట్టె అప్పుది, అదీ రాయి బాబూ."
రాశాను.

ప్రమాణపత్రం కింద బొటనవేలు అద్దింది.
నల్లటి మరక. గీత ఒక్కటీ లేదు.
కొట్టేస్తారేమో అని నా భయం.
లాయరుగారు ఆ మరకనే
మొదటి ఆధారం అన్నారు.

పదకొండో రోజున అమరావతి నుంచి ఫోను.
యథాతథ స్థితి, ఆరు వారాలు.
"అంటే ఏటి?"
ఉన్నది ఉన్నట్టే ఉంచమని, అన్నాను.

బీచి వైపు నుంచి గాలి, టార్పాలిన్ పటపట.
"ఉన్నాదేటి?
గంపలు ఆల గోడౌన్లో ఉన్నాయి,
నాను రోడ్డు మీదున్నాను.
ఇలాగే ఉంచుతారా బాబూ?"

కొత్త కాయితం ఎక్కించాను.
మధ్యంతర దరఖాస్తు.
రెండు 'ర'లూ సగమే పడ్డాయి.
పెన్ను వెతుక్కుంటుంటే
ఫైలు కింద నుంచి పరసమ్మే తీసిచ్చింది,
మూత పళ్లతో లాగి.